బండి ఆవిడదీ, చెత్త మాదీ

పోయిన వారం పొద్దున్నే నీలం బుట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఇప్పుడు మా వీధికి చెత్తబండి తెచ్చేది కొత్తావిడ. ఇద్దరు బిడ్డల తల్లి, చలాకీ మనిషి, చెవిలో ఏదో పెట్టుకుని పాటలు వింటూ బండి తోస్తుంది. ఆ రోజు పాటలు లేవు.

"అమ్మా, నాకు ముందు ఈ వీధికొచ్చేదే పెద్దావిడ, ఆవిడ పోయిందంటండి. బాపట్లలో కూతురింట్లోనంట. ఆదివారం చర్చికెళ్ళొచ్చి, అన్నం తిని పడుకుందంట. ఇంక లేవలేదంట."

"ఏ పెద్దావిడ?" అన్నాను, తెలిసి కూడా.

"అదేనండి, చెత్త తిప్పి పంపేసే ఆవిడ."

తెనాలిలో మా వీధివాళ్ళకి ఇంకో గుర్తు చెప్పక్కర్లేదు. పేరు మాత్రం నాకూ తెలియదు. మొదటి నెలలో అడగడం మరిచిపోయాను. ఆ తర్వాత, ఇన్నాళ్ళు మాట్లాడి ఇప్పుడు పేరడిగితే ఏమనుకుంటుందోనని సిగ్గేసింది. అలా ఏళ్ళు గడిచిపోయాయి. నా ఫోనులో ఆవిడ నంబరుకి మా మనవరాలు "తడి పొడి" అని పేరు పెట్టింది. ఇప్పటికీ అలాగే ఉంది, తీసెయ్యబుద్ధి కాలేదు.

ఆవిడ సన్నగా, పొడుగ్గా ఉండేది. సొంతూరు కర్లపాలెం పక్కన. చీర మీద మగవాళ్ళ ఖాకీ చొక్కా తొడుక్కునేది. మెళ్ళో ఒక దారానికి విజిలు, ఇంకో దారానికి కళ్ళద్దాలు. రెండు దారాలూ ఎప్పుడూ పెనవేసుకుపోయి ఉండేవి. విజిలు ఊదబోయి కళ్ళద్దాలు నోటిదాకా తెచ్చుకోవడం వారానికి రెండుసార్లైనా జరిగేది. అది చూసి ఎవరైనా నవ్వారో, ఆ పూట వాళ్ళ బుట్టలో తప్పు దొరికేది.

వచ్చిన మొదటి రోజు మా ఎదురింటి సుజాత మేడ మీంచి, "ఇదిగో, చెత్తావిడా! ఒక్క నిమిషం ఆగు!" అని కేకేసింది.

ఆవిడ ఆగలేదు. బండి తోస్తూనే తల పైకెత్తి, "చెత్త మీదమ్మా. నాది బండి," అంది.

అప్పట్నుంచి పెద్దవాళ్ళకి బండి అక్క, పిల్లలకి విజిలు మామ్మ అయింది. సుజాత మాత్రం చాలారోజులు ఏమీ పిలవకుండా చప్పట్లు కొట్టేది.

ఆ రోజుల్లోనే మునిసిపాలిటీవాళ్ళు ఇంటికి మూడేసి బుట్టలు పంచారు. ఆకుపచ్చది తడిచెత్తకి, నీలంది పొడిచెత్తకి, ఎర్రది చేత్తో ముట్టుకోకూడని వాటికి. అంటే కట్లు, డైపర్లు, పాత మందులు, బ్లేడులు, అలాంటివి. బుట్టలు కొత్తవి, మూతలున్నవి, నున్నగా మెరుస్తున్నవి. వాటిలో చెత్త వెయ్యడానికి ఎవరికి చేతులొస్తాయి? మా ఇంట్లో ఆకుపచ్చదానిలో ఇడ్లీరవ్వ పోశాను. నీలందానిలో ఎండుమిరపకాయలు. సుజాత తన దాంట్లో మట్టి నింపి మల్లెమొక్క నాటింది. చివరింటి మాస్టారు ఎర్రబుట్ట బోర్లించి, దాని మీద కూర్చుని పేపరు చదివేవారు. చెత్త మాత్రం యథాప్రకారం అంతా కలిపి ఒక పాత బకెట్టులో తెచ్చి ఇచ్చేవాళ్ళం.

రెండు రోజులు చూసింది. మూడో రోజు మా గుమ్మం దగ్గర బండి ఆపి, "బుట్టలివ్వలేదా అమ్మా మీకు?" అంది.

"ఇచ్చారు. లోపలున్నాయి."

"తెండి, చూద్దాం."

ఏం చేస్తాం? తెచ్చాను. మూత తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని, వేలితో రవ్వ కాస్త కదిపింది.

"ఇది చెత్తా?"

"అయ్యో, ఇడ్లీరవ్వ! నిన్ననే ఆడించాను."

"ఆకుపచ్చ బుట్టలో ఏముంటే అది తడిచెత్తేనండి. నాకు అలాగే చెప్పారు. పోసుకోనా బండిలో?"

ఆవిడ బుట్ట ఎత్తింది కూడా. నేను రెండు చేతులా పట్టుకున్నాను. వీధంతా చూసింది. సాయంత్రానికి మల్లెమొక్క కుండీలోకి మారింది. మాస్టారు కుర్చీ కొనుక్కున్నారు.

ఆవిడ నేర్పించినవి చెప్పుకుంటూ పోతే పొద్దుపోతుంది. ఒక్కటి చెప్తాను. పాల పాకెట్టు మూల కత్తిరించేటప్పుడు ఆ చిన్న ముక్కని పూర్తిగా ఊడదియ్యనిచ్చేది కాదు. "ఆ గోరంత ముక్క ఎటెళ్తుందమ్మా? కాలవలోకే. అంచున వేలాడనియ్యండి, పాకెట్టుతోపాటే పోద్ది," అనేది. నాకు పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటింది, పాకెట్టు కత్తిరించడం నాకు ఈవిడ చెప్పాలా అని మొదట్లో గింజుకున్నాను. ఇప్పుడు రేపల్లెలో మా అమ్మ ఇంటికి వెళ్ళినా అలాగే కత్తిరిస్తున్నాను.

ఇంకొకటి. దేవుడి దగ్గర తీసిన పూలు తడిబుట్టలో వెయ్యబోతే వద్దనేది. బండి పక్కన దానికోసమే ఒక సంచి వేలాడదీసుకుంది. "దేవుడి పూలు చేపల పొట్టుతో కలపకూడదండి," అనేది. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికెళ్ళే మనిషి మా ఇంటి చామంతులకి అంత మర్యాద చేస్తుంటే, నిన్నటిదాకా వాటిని వంకాయ తొడిమలతో కలిపి పారేసిన నేను, ఆకులో చుట్టి ఆ సంచిలో వెయ్యడం నేర్చుకున్నాను.

కాఫీ ఇస్తే తాగేది. అయితే గ్లాసు మాది కాదు. బండి పిడికి తాడుతో కట్టుకున్న స్టీలు గ్లాసు విప్పి పట్టేది. "మా గ్లాసులో తాగక్కా, ఏమైంది?" అని ఒకసారి అడిగాను. "మీ గ్లాసు కడిగిచ్చే తీరిక నాకు లేదమ్మా," అంది. నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను.

వీటన్నిటికంటే పెద్ద సంగతి ఆవిడ నోరు. తప్పు బుట్టని తిప్పి పంపేటప్పుడు ఎంత విప్పేదో, బుట్టలో కనబడినదాని విషయంలో అంత కట్టేసేది. చెత్త చూస్తే ఇంటి గుట్టంతా తెలిసిపోతుంది కదా. ఎవరింట్లో వంట మానేసి పార్సిళ్ళు తెస్తున్నారో, ఎవరి మందులు మారాయో, ఎవరు ఎవరికి రాసిన కాగితం చింపారో అన్నీ ఆవిడ చేతుల్లోంచే పోయేవి. ఒకరోజు సుజాత మెల్లగా కూపీ లాగింది.

"అక్కా, పక్కింటివాళ్ళు రోజూ బిరియానీ తెప్పించుకుంటున్నారంట, నిజమేనా?"

"మీ బుట్టలో ఏముందో ముందు వాళ్ళకి చెప్పి, ఆనక వచ్చి మీకు చెప్తాలెండి."

సుజాత మళ్ళీ అడగలేదు. ఆ ఒక్క మాటతో వీధికి ధైర్యం వచ్చింది. ఆవిడ నోటి మీద నమ్మకం ఉంది కాబట్టే మూతలు తీసి బుట్టలు బయట పెట్టేవాళ్ళం. ఆ నమ్మకాన్ని పాడుచేసింది ఆవిడ కాదు, నేను.

ముందు మా ఆయన సంగతి చెప్పాలి. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. తెనాలి, రేపల్లె, బాపట్ల రోడ్లన్నీ నిలబడే తిరిగిన మనిషి, ఇంట్లో కూర్చోవడం చేతకాదు. షుగరుంది. డాక్టరు తీపి ముట్టుకోవద్దన్నాడు. అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే, "బుట్టలు నేనిస్తాలే, నువ్వు పడుకో," అన్నారు. ఆ మర్నాడూ అంతే. విజిలు వినబడగానే మంచం దిగేవారు. పెళ్ళయ్యాక కంచం కూడా తియ్యని మనిషి చెత్తబుట్ట పట్టుకుని పరిగెడుతుంటే నా ఆనందం ఏమని చెప్పను? వీధిలో ఇంటింటికీ చెప్పాను. మా అమ్మకి ఫోను చేసి మరీ చెప్పాను.

అసలు సంగతి తర్వాత తెలిసింది. సాయంత్రం నడక పేరుతో బజారుకెళ్ళి కాజాలు తినడం, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకోవడం, తెల్లారగానే నా కంట పడకుండా బండిలో వెయ్యడం. మొదటిరోజే ఆవిడ కాగితం వెలుగులోకి పట్టుకుని చూసి, "బాబుగారూ, దీనికి పాకం అంటింది. తడిలో వెయ్యనా, పొడిలో వెయ్యనా?" అని అడిగిందట. "ఎందులోనో ఒకదాన్లో వెయ్యి తల్లీ, గట్టిగా మాట్లాడకు," అన్నారట ఈయన.

రెండు నెలలు అలా నడిచింది. ఆ తర్వాత ఎండాకాలంలో ఈయన ఇంట్లో మేజోళ్ళు తొడుక్కోవడం మొదలుపెట్టారు.

"ఇంత ఉక్కలో మేజోళ్ళేంటండీ?"

"మడమలు పగిలాయే. మందు రాసుకున్నాను, దుమ్ము పడకుండా."

నమ్మాను. నిజానికి చెప్పు కరిచి ఎడమ కాలి చిటికెన వేలు పుండు పడింది. నొప్పి తెలియలేదు కాబట్టి లెక్కచెయ్యలేదు. దూది పెట్టి తనే కట్టు కట్టుకునేవారు, పాత కట్టు ఎర్రబుట్టలో వేసేవారు. నాకు చెప్తే కాజాల సంగతి బయటపడుతుందని భయం. బండి అక్క ఆ దూది చూసింది. "అమ్మగారికి చెప్పండి బాబుగారూ," అని ఒకరోజు, "ఇవాళైనా చెప్పారా?" అని ఇంకోరోజు. "రేపు చెప్తా," అంటూ వచ్చారు ఈయన.

ఆ రేపు కాస్తా వచ్చింది. విజిలు మా గుమ్మం ముందు ఆగకుండా మోగింది. బుట్టలతో బయల్దేరిన ఈయన్ని ఆపి, "మీరు కాదు, అమ్మగారిని పిలవండి," అంది. పిండి చేతులతోనే వచ్చాను.

"మీ ఎర్రబుట్ట తప్పమ్మా. నేను తీసుకోను."

"ఎర్రబుట్టలో తప్పేముంటుందక్కా? అందులో నేను ఏమీ వెయ్యనే!"

"మీరే విడదీసి ఇవ్వండి. నిలబడతాను."

మెట్టు మీద కాగితం పరిచి, తన చేతి తొడుగులు తీసి నాకిచ్చింది. చూడండి, నా ఇంటి ముందు నన్ను కూర్చోబెట్టి నా చేతే చెత్త ఏరిస్తోంది! ఒళ్ళు మండిపోయింది. సణుగుతూ బుట్ట బోర్లించాను. పైన మిఠాయి కాగితం. "అది నీలంలోది," అంది. కింద దూది. పసుపుగా, అట్టకట్టి, నల్లటి రక్తంతో. దాని కింద ఇంకోటి. ఇంకోటి. ఆ వాసన ఇప్పటికీ తలుచుకోలేను.

తలెత్తి చూశాను. ఆవిడ బండి వంక చూస్తోంది. ఈయన గోడ వంక చూస్తున్నారు. ఆవిడ ఒక్క ముక్క చెప్పలేదు. అంత చూసి కూడా "బుట్ట తప్పు" అన్నదే తప్ప ఇంకో మాట నోటి నుంచి రాలేదు.

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి వెళ్ళాం. వేలు తీసేశారు. ఇంకొన్నాళ్ళు ఆగుంటే పాదం తియ్యాల్సి వచ్చేదన్నారు. ఈయన తొమ్మిది కాలివేళ్ళతో ఇంటికొచ్చారు. రోజూ పడుకోబోయే ముందు ఆ తొమ్మిదీ నేను చూస్తాను. "టికెట్ చెకింగా?" అంటారు.

ఇక నా తప్పు. నేను ఐదో తరగతి దాకానే చదివాను గానీ, విన్నదీ కన్నదీ ఒక్కటీ మరిచిపోను, ఒక్కటీ దాచుకోను. ఆవిడ చేసిన మేలు వీధంతా చెప్పుకొచ్చాను. "బుట్ట చూసి జబ్బు పట్టేసింది! డాక్టర్లకి కూడా చేతకాదు!" అని గుమ్మం గుమ్మానికీ పొగిడాను. నేనన్నది పొగడ్త. వాళ్ళకి వినబడింది వేరు: అంటే అన్నీ చూస్తుందన్నమాట. చూసి చెప్పేస్తుందన్నమాట.

వారం తిరిగేసరికి బుట్టలు లోపలికి పోయాయి. నల్ల కవర్లు వచ్చాయి, ముడి మీద ముడి. కొందరు అవి కూడా ఇవ్వకుండా తెల్లవారుజామున కాలవ గట్టున పడేసి వచ్చేవారు. అందరికంటే పెద్ద కవరు మాస్టారిది. అది గలగలమనేది కూడా. బండి సగం ఖాళీగా, చక్రాలు కడకడలాడుతూ వెళ్ళిపోయేది.

"ఏంటి సుజాతా, బుట్ట పెట్టడం లేదేం?" అన్నాను.

"ఎందుకు పిన్నిగారూ? రేపు మా ఇంటి జబ్బులు కూడా మీరు చాటింపు వేస్తారా?"

ఒక గురువారం ఆవిడ పై అధికారి, మునిసిపాలిటీ మేస్త్రి స్కూటరు మీద వచ్చి, నా గుమ్మం ముందే ఆవిణ్ణి నిలబెట్టాడు. "నీ వీధే బాగుందని అందరికీ చూపించాను. ఆ గట్టు చూడు ఇప్పుడు! వారం టైమిస్తున్నా. ఇది ఆగలేదా, బండి ఇంకొకరికిచ్చి నిన్ను కాలవ పనికి వేస్తా."

కాలవ పని అంటే మోకాలి లోతు మురుగులో దిగి పూడిక తియ్యడం. మా గుమ్మానికి ఉన్న రెండు మెట్లు ఎక్కడానికే గోడ పట్టుకునే మనిషి ఆవిడ. "సరేనండి," అని మాత్రం అంది.

అతను వెళ్ళాక కాఫీ తెచ్చాను. గ్లాసు విప్పలేదు.

"ఇవాళ వద్దమ్మా."

"కోపమా అక్కా?"

"కోపమేంటమ్మా, మీరు మంచే చెప్పారు." బండి కదిలించి, మళ్ళీ ఆపింది. "ఆ రోజు ఆ దూది సంగతి నేను నోటితో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదనుకున్నారు?"

జవాబు కోసం ఆగలేదు. మర్నాడు ఇంటింటికీ వెళ్ళి, ఆవిడ ఏమీ చెప్పలేదు, నేనే కళ్ళారా చూశాను అని ఒట్లు పెట్టాను. అందరూ తలూపారు. ఎవరూ నమ్మలేదు. ఇంటికొచ్చి చతికిలబడితే మా ఆయన పత్రిక మడిచి, "నా కాజాలు చెప్పావు, నా వేలు చెప్పావు. నీ వాటా ఎప్పుడు చెప్తావే వీధికి?" అన్నారు. ఎగతాళికే అన్నారు. నాకు మాత్రం దారి కనబడింది.

శనివారం విజిలు మోగగానే వీధి మధ్యలో దుప్పటి పరిచాను. నీలం బుట్ట, ఎర్రబుట్ట రెండూ దాని మీద బోర్లించి పక్కనే కూర్చున్నాను. "అందరూ రండమ్మా, చూడండి!" అని కేకేశాను. బాల్కనీల్లోకి, గుమ్మాల్లోకి జనం వచ్చారు. ఆవిడ బండితో నిలబడిపోయింది.

"ఇదిగో, జుట్టుకేసే రంగు పొట్లం. మా అమ్మ పోలిక, నాకు నెరవదు అని మీ అందరికీ చెప్తుంటాను కదా? మా అమ్మ కూడా రంగే వేసుకుంటుంది."

ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇది సాంబారు పొడి కవరు. బజార్లో కొన్నది. ఇంట్లో దంచాను అని చెప్పి సుజాతకి సీసాలో పోసిచ్చింది ఇదే."

"పిన్నిగారూ!"

"ఆగు, ఇంకా ఉంది. ఈ గుడ్డమూటలో గాజుముక్కలు. నీ గిన్నె, సుజాతా. నేనే పగలగొట్టాను. ఎప్పుడో తిరిగిచ్చేశాను, నువ్వే ఎక్కడో పెట్టి మరిచిపోయావని అన్నాను. ఇన్నాళ్ళూ అటక మీద దాచాను."

"అయ్యో అయ్యో! ఆ గిన్నె గురించి నేను మా అత్తగారితో మాట్లాడ్డం మానేశాను కదండీ!"

ఇక నవ్వులు ఆగలేదు. నేను మాత్రం నవ్వలేదు. "ఈ కవర్లు ఈవిడ నెలనెలా చూసింది. సుజాతా, నీకు చెప్పిందా? మా ఆయన కాజా కాగితాలు రెండు నెలలు చూసింది. నాకు చెప్పిందా? చివరికి మనిషి కాలి మీదకొస్తే, అప్పుడు కూడా నోరు విప్పకుండా నా చేతే తీయించింది. చాటింపు వేసింది నేను. ఈ వీధిలో నోరాగని మనిషి ఎవరైనా ఉంటే అది నేను. కవర్లు కట్టుకోవాలంటే నన్ను చూసి కట్టుకోండి."

తర్వాత చివరింటి తలుపు తెరుచుకుంది. మాస్టారు నల్ల కవరు రెండు చేతులా పట్టుకుని, అడుగడుగునా గలగలమంటూ, వీధంతా చూస్తుండగా బండి దాకా నడిచొచ్చారు.

"ఇవి... ఏ బుట్టలోవమ్మా?"

ఆవిడ కవరు వంక చూడనైనా చూడలేదు. "కడిగిస్తే పొడే మాస్టారూ. మూతలు విడిగా ఇవ్వండి."

ఆ వెనకే సుజాత బుట్టతో దిగింది, నన్ను కొరకొరా చూస్తూ. ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. నేను ఏదో ఘనకార్యం చేశానన్నట్టు ఆవిడ దగ్గరికెళ్ళాను. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని నా దుప్పటి వంక చూసి, "రంగు పొట్లం ఎరుపులోదమ్మా, నీలంలో వేశారు," అంది. తర్వాత గ్లాసు విప్పింది.

గట్టు మీద కవర్లు ఆ పూటే ఆగాయని అబద్ధం చెప్పను. నాలుగు రోజులు మా ఆయన కుంటుకుంటూ వెళ్ళి అక్కడ కూర్చుని, కవరుతో వచ్చినవాళ్ళని "రైట్ రైట్, వెనక్కి" అని తిప్పి పంపారు. గడువు రోజున మేస్త్రి వచ్చి, గట్టు చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. వయసు నిండి పని మానేదాకా ఆ బండి ఆవిడ చేతిలోనే ఉంది.

కబురు చెప్పిన రోజు కొత్తావిడ బుట్ట అందుకుని కూడా వెళ్ళలేదు. కాస్త తటపటాయించి, "ఏమనుకోకండమ్మా, ఒకటి చెప్పనా? నేను పనిలో చేరినప్పుడు ఆవిడ నాలుగు రోజులు నాతో తిరిగి వీధులన్నీ చూపించింది. మీరు జుట్టుకి రంగేస్తారనీ, నడివీధిలో కూర్చుని మీరే చెప్పారనీ పక్కవీధిలో అప్పటికే విన్నాను. నిజమేనా అని ఆవిణ్ణి అడిగానండి," అంది.

"ఏమంది?"

"'ఏమోనమ్మా, నాకు తెలీదు. ఆ రోజు నేను బండి సర్దుకుంటున్నాను' అందండి."

ఆ రోజు మా వీధంతా విన్నది. ఆవిడ ఒక్కతే వినలేదు.